తలగుడ్డ ఎవరు కట్టాలి

మా అమ్మ జ్ఞానమ్మకు కోపం వస్తే మాట్లాడదు, పని చేస్తుంది. ఎంత కోపముంటే అంత పని. మా ఐదెకరాల చేను చూస్తే ఆమెకు జీవితంలో ఎంత కోపం వచ్చిందో తెలిసిపోతుంది.

ఆ చేను తొండూరు అవతల గుట్ట వాలులో ఉంది. డెబ్భై ఆరులో ప్రభుత్వం మా నాయన చెన్నయ్య పేరున, భూమి లేనివాళ్ళకిచ్చే డీకేటీ పట్టా ఇచ్చింది. ఇవ్వడమైతే ఇచ్చారు గానీ, మన్ను కంటికి కనబడాలంటే ముందు రాళ్ళు తీయాలి. ఊరి బయట మా దళితుల పేటలో అందరూ పడీ పడీ నవ్వారు. అమ్మ జమ్మలమడుగు మిషన్ బోర్డింగులో ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఆమె నవ్వలేదు. పేటలో ఇల్లు వదిలేసి, గుట్ట కిందే కొట్టం వేయించి, నన్ను చంకనేసుకుని కాపురం అక్కడికి మార్చేసింది. పదకొండేండ్లు ఇద్దరూ రాళ్ళు ఏరారు. చిన్నవి అమ్మ గంపలో, పెద్దవి నాయన భుజం మీద. ఏరిన రాళ్ళతో చేను చుట్టూ రొమ్మెత్తు గోడ లేచింది. లోపల వేరుశనగ, ఒక మూల నలభై చీనీ చెట్లు, అదే బత్తాయి. ఎండాకాలమంతా కడవలతో నీళ్ళు మోసి బతికించిన చెట్లవి. ఎనభై ఏడులో మొదటి కాపు పట్టాయి.

నేను చెప్పబోయేది ఆ ఏడు సంగతే. మండలం ఎన్నికలు నెల దూరంలో ఉన్నాయి.

మా ఊళ్ళో రెండు పార్టీలు. పేపర్లో రాసే పేర్లు వేరే, ఊళ్ళో పిలిచే పేర్లు వేరే. ఒకటి మిద్దాయన పార్టీ, ఇంకొకటి గనాయన పార్టీ. మిద్దాయనకు రెండంతస్తుల మిద్దె ఉంది, గనాయనకు ముగ్గురాయి గని ఉంది. ఎన్నికలొస్తే ఇద్దరూ జెండాలు మార్చేవాళ్ళే గానీ పగ మాత్రం మార్చుకునేవాళ్ళు కారు. ఎవరి అంగట్లో టీ తాగితే వాళ్ళ మనిషివి. ఎవరి ట్రాక్టరు ఎక్కితే వాళ్ళ మనిషివి. మా చిన్నాయన కృపానందం ఒకసారి వానకు తడవలేక మిద్దాయన ట్రాక్టరు ఎక్కి ఇంటికొచ్చాడు, అంతే. ఆర్నెల్లకు ఒక తెల్లవారి చూస్తే ఆయన చీనీ చెట్లు అరవై మొదలంటా నరికి పడున్నాయి. నరికింది ఎవరో అందరికీ తెలుసు. అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

అప్పటి నుంచి మా అమ్మది ఒకటే మాట. "మనం ఎవురి మనుషులమూ కాదు." చెప్పడం తేలిక. ఆ కాలంలో మా వైపు ఎవరి మనిషీ కాకుండా బతకడమంటే రోడ్డు నడిమధ్య ఇల్లు కట్టుకున్నట్టే.

శివరాత్రి వెళ్ళిన వారానికి మా దగ్గర వంకలో ఎద్దుల పరస జరుగుతుంది. నీళ్ళు లేని ఇసుక వంకలో మూడు రోజుల సంత. ఎద్దుల బేరాలు, బండలాగుడు, చెక్కభజన, బొరుగుల అంగళ్ళు. అన్నిటికంటే పెద్ద వేడుక గుండు ఎత్తడం. నున్నటి నల్లరాతి గుండు, దానికి సున్నంతో పట్టీలు. భుజానికెత్తి వీపు వెనక్కి పడేసినవాడికి తలగుడ్డ కడతారు. కట్టేది ఎవరో పెద్దాయన. కట్టించుకున్నవాడు ఆ క్షణం నుంచి ఆయన మనిషి. పేటవాళ్ళను ఆ గుండు ముట్టుకోనిచ్చిందే కొత్త. ఓట్ల పుణ్యమా అని పెద్దాయనలే మా తలలు వెతుక్కుంటూ వచ్చే రోజులొచ్చాయి.

పరసకు పోదామని నేనూ, మా చెల్లెలు వసంతమ్మా నెల నుంచి ప్రాణం తీస్తున్నాం. నాకు పన్నెండేళ్ళు, దానికి ఆరు. చివరికి అమ్మ సరేనంది. ఆ పొద్దున మిద్దాయన ట్రాక్టరొచ్చి గోడ బయట ఆగింది. వెనకే గనాయన ట్రాక్టరు. ఇద్దరు డ్రైవర్లూ పోటీ పడి హారన్లు కొట్టారు. అమ్మ గోడ మీదుగా చూసి, "మా బండి కట్టుకున్యాం లేప్పా, మీరు పోండి" అంది, ఇద్దరికీ వినపడేటట్టు ఒకే గొంతుతో.

బండిలో సద్ది మూట పెట్టింది. సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరుబిండి, ఓళిగలు. క్రిస్మస్‌కు ప్రొద్దుటూరులో కొన్న గౌన్లు మాకు తొడిగింది. నాయన కాడి ఎత్తబోతుంటే ఆయన ముందు నిలబడింది.

"గుండు దగ్గరికి పోయేది ల్యా. ఇప్పుడే చెప్తాండా."

"నేనేమన్నా పిల్లోడినా?" అన్నాడు నాయన.

"పిల్లోడయితే చెవి మెలిపెట్టి కూచోబెడతా."

నాయన ముసిముసిగా నవ్వాడు. ఆయనది తక్కువ మాట. రోజంతా కలిపి పది మాటలంటే ఎక్కువ.

పరసలో ఆ పూట మేము పడ్డ సంబరం ఇంతా అంతా కాదు. బత్తాసులు తిన్నాం. రంగులరాట్నం ఎక్కి వసంతమ్మ నా గౌను మీదే కక్కింది. పాత సేద్యం సామాన్లు వరసగా పెట్టిన చోట నాయన ఒక కొయ్య గొర్రును ఎంతసేపు తడిమి చూశాడో. అమ్మ కూడా నవ్వింది. ఆమె పళ్ళు అంత తెల్లగా ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది. మధ్యాహ్నం బండి నీడలో సద్ది తిని, గాజుల అంగట్లోకి దూరాం. గాజులు తొడిగించుకుని బయటికొచ్చేసరికి నాయన లేడు.

అమ్మ వసంతమ్మను చంకనేసుకుని గుండు చుట్టూ వలయంగా తాడు కట్టిన గిరి వైపు నడిచింది. నేను వెనక పరుగు.

గిరికి ఒకవైపు షామియానా కింద మిద్దాయన, ఎదురుగా ఇంకో షామియానా కింద గనాయన. ఇద్దరి ఒళ్ళోనూ మడత నలగని కొత్త తలగుడ్డలు, ఒకటి ఎర్రంచుది, ఒకటి పచ్చంచుది. మధ్యలో గుండు. దాని పక్కన పీర్ సాహెబ్ తాత. ఆయన ఎద్దులకు లాడాలు కొట్టే మనిషి. రెండు పార్టీల ఎద్దులూ ఆయన చేతికే కాలిచ్చేవి గనక రెండు పార్టీలూ ఆయన మాట వినేవి. గుండు వరస చూసేది ఆయనే.

అప్పటికి నలుగురు కుర్రాళ్ళు ఎత్తబోయి ఓడిపోయారట. ఎవరో ఒకడు నాయనను చూసి, "గుట్ట కింద చెన్నయ్యకు గోడ కట్టేదానికే నడుము సరిపోయింటాది లే" అన్నాడట. పదకొండేండ్లు రాళ్ళు మోసిన మనిషిని ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మేము జనాన్ని తోసుకుని ముందుకొచ్చేసరికి గుండు నాయన మోకాళ్ళ మీదుంది.

తొడల మీదికొచ్చింది. రొమ్ముకు ఆనింది. నాయన మెడ నరాలు పొంగాయి. ఒక్క ఊపుతో భుజమెక్కింది. ఈలలు, కేకలు. నేనూ గొంతు చించుకుని అరిచాను. మా నాయన అని చెప్పుకోవాలనిపించి పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని చెయ్యి పట్టి లాగాను. అమ్మ మొహం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది.

ఎందుకంటే రెండు షామియానాల కిందా పెద్దాయనలు ఇద్దరూ తలగుడ్డలతో లేచి నిలబడ్డారు. ఎవరి మనిషీ కానివాడు గుండెత్తడం ఆ వంకలో అదే మొదటిసారి. వాళ్ళ వెనకున్న మగవాళ్ళు సంచులు మోకాళ్ళ మీదికి తీసుకున్నారు. ఆ సంచుల్లో ఏముంటుందో మా వైపు పసిపిల్లలక్కూడా తెలుసు. మిద్దాయన చేత కట్టించుకుంటే గనాయన గొడ్డళ్ళు మా చెట్ల మీదికొస్తాయి. గనాయన చేత కట్టించుకుంటే మిద్దాయనవి. ఇద్దరినీ వద్దంటే అంత జనంలో ఇద్దరి పరువూ తీసినట్టు. అప్పుడు చెట్లతో పోదు.

నాయన గుండును పడేయలేదు. పడేస్తేనే కదా గెలిచినట్టు, తలగుడ్డ కట్టాల్సింది అప్పుడే కదా. గుండు భుజాన పెట్టుకునే గిరి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. మొదటి చుట్టుకు జనం చప్పట్లు కొట్టారు. రెండో చుట్టుకు, "ఇంటికెత్తకపోతాడేమో, గోడలో పెట్టుకునేదానికి" అని నవ్వారు. మూడో చుట్టుకు ఆయన కాళ్ళు వణకడం కనబడింది, నవ్వులు ఆగిపోయాయి. ఆయన కండ్లు మా అమ్మను వెతుకుతున్నాయి. ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. తెలిసేదాకా మోస్తున్నాడు, అంతే.

అమ్మ వసంతమ్మను నా చేతుల్లో పెట్టి గిరిలోకి దిగింది. ఆడవాళ్ళు గిరిలో కాలు పెట్టరు. ఎవరో "ఏయ్" అన్నారు. ఆమె చెవిన వేసుకోలేదు. నేరుగా పీర్ సాహెబ్ తాత ముందుకుపోయి, రెండు షామియానాలకూ వినబడేటట్టు అడిగింది.

"సాహెబ్ మామా, ఈ గుండు ముందుకాలం నుంచీ ఉండాది గదా. ఎత్తినోడికి తలగుడ్డ ఎవురు కట్టేది ఆచారం?"

తాత అమ్మను చూశాడు. నాయన కాళ్ళను చూశాడు. సంచులను చూశాడు. గడ్డం నిమురుకున్నాడు.

"ఇంట్లోదే కట్టేది మ్మా" అన్నాడు నింపాదిగా. "బిడ్డ ఎత్తితే తల్లి, మొగుడెత్తితే పెండ్లాం. మా తాత కాలంలో అట్లే. నడమ పెద్దాయనలు పాపం ప్రేమకొద్దీ కడతాండారు గానీ, ఆచారం అది కాదు. వాళ్ళకు తెలీదా ఏంది? వాళ్ళు పెద్దింటి బిడ్డలు."

తెలియదని ఎవరంటారు చెప్పండి? మిద్దాయన గనాయన వైపు చూశాడు. గనాయన మిద్దాయన వైపు చూశాడు. ముందు మిద్దాయన తలాడించాడు. అది చూసి, తాను వెనకబడకూడదని గనాయన రెండుసార్లు తలాడించాడు.

అమ్మ ఎర్రంచు గుడ్డ దగ్గరికి పోయి కొంగు పట్టింది. తర్వాత ఇటొచ్చి పచ్చంచు గుడ్డకూ పట్టింది. "మీరిద్దరూ అంత ప్రేమగా తెచ్చినారు. ఒకటి తీసుకోని ఒకటి వద్దంటే నా కండ్లు పోతాయి" అంది. రెండు గుడ్డలనూ కలిపి, తాడు పేనినట్టు పేని, భుజాన గుండున్నవాడి తలకు అట్లాగే మునివేళ్ళ మీద నిలబడి చుట్టేసింది. ఏది ఎవరిదో విడదీసి చెప్పేదానికి లేదు.

"ఇంగ దించు సుందరి నాయనా" అంది, నా పేరుతో పిలుస్తూ. "చాలు."

నాయన గుండును వెనక్కి పడేశాడు. నేల అదిరింది. జనం అరిచిన అరుపుకు పరసలో ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి. సంచులు మళ్ళీ నేల మీదికి దిగాయి. పెద్దాయనలిద్దరూ గెలవలేదు. అంతకంటే ముఖ్యంగా, ఇద్దరూ ఓడిపోలేదు. మా వైపు శానా మంది ప్రాణాలు పోయింది ఈ రెండో ముక్క కుదరకనే.

తిరిగొచ్చేటప్పుడు బండిలో అమ్మ నాయన వెనకే కూచుంది. సగం దారిలో ఉన్నట్టుండి ఆయన వీపు మీద దబదబా నాలుగు గుద్దులు గుద్ది, ఆ వీపుకే తల ఆనించి ఏడ్చింది. ఆయన "నొప్పి" అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఆ పూట మా కుటుంబం అంటే నాకు కలిగిన గర్వం తర్వాత ఏ ఉద్యోగమొచ్చినా కలగలేదు.

ఆ ఏడు మా చెట్ల జోలికి ఎవరూ రాలేదు. మరుసటేడు గుండెత్తిన వీరపునాయునిపల్లె కుర్రాడు, పెద్దాయన లేచేలోపే "మాయమ్మ కట్టల్ల" అన్నాడు. ఆ తర్వాత అదే వరస అయిపోయింది. ఊళ్ళో గొడవలు ఆగాయని అబద్ధం చెప్పను, చాలా ఏళ్ళు నడిచాయి. ఆ వంకలో మాత్రం గుండెత్తినవాడు ఎవరి మనిషీ కాకుండానే ఇంటికిపోయేవాడు.

పోయిన సంవత్సరం అమ్మను పరసకు తీసుకుపోయాను. ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో టీచరును, ఆమెకు డెబ్భై నాలుగు. నాయన లేడు. పీర్ సాహెబ్ తాతా లేడు. మైకులో ఒక కుర్రాడు ఊదరగొడుతున్నాడు. గుండెత్తిన వీరుడికి ఇల్లాలే తలపాగా చుట్టడం మన పూర్వీకుల నుంచి, వందల ఏండ్ల నుంచి వస్తున్న ఆచారమట.

"అమ్మా, పీర్ సాహెబ్ తాత చెప్పింది నిజమేనా?" అని అడిగాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"నిజమేంది? వాళ్ళ తాత ఈ పక్కకు వచ్చిందే ల్యా. వాళ్ళది మదనపల్లె కాడ. ఆ మర్నాడే మన ఎద్దులకు లాడాలు కొడతా చెప్పినాడు నాతో."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అందరూ పాటిస్తాండారు గదా. నేను చెప్పి చెడగొట్టల్లనా?"

గిరిలో ఒక కొత్త పెళ్ళికూతురు మొగుడి తలకు గుడ్డ చుట్టలేక అవస్థ పడుతోంది. చుట్టిందల్లా జారిపోతోంది, జనం నవ్వుతున్నారు. పిల్లకు ఏడుపొక్కటే తక్కువ. అమ్మ నా భుజం పట్టుకుని లేచింది. నేను వద్దనేలోపే గిరిలోకి దిగి, ఆ పిల్ల చేతుల మీద తన చేతులేసింది.

"అట్ల కాదు పాపా, బిగించి చుట్టు. ఎవురొచ్చి లాగినా ఊడకూడదు."