దర్జీ లేని దర్జీల సినిమా

ఆ సందులో ఆమెను అందరూ మిక్సింగక్క అంటారు. పెళ్లి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు కలపడమే ఆమె పని. స్టూడియోలో కూర్చుని కళ్లజోడు నంబరు పెంచుకుందే గానీ, కెమెరా ఒక్కనాడూ చేత పట్టలేదు. అలాంటి మనిషి దగ్గరికి ఒక సేవాసంస్థ వాళ్లొచ్చి, "మీ సందు పిల్లలకి సినిమా తీయడం నేర్పండి. మీవాళ్ల కథ మీవాళ్లే చెప్పుకోవాలి," అన్నారు. రెండు చిన్న కెమెరాలు చేతిలో పెట్టి చక్కా పోయారు.

ఆమె తల పట్టుకు కూర్చుంది. మనవాళ్ల కథంటే ఏమిటి? సందు నిండా దర్జీలే. పొద్దున లేస్తే మిషను తొక్కుతారు, కాజాలు కుడతారు, గిరాకీలతో మాటలు పడతారు. ఇందులో కథెక్కడుందో ఆమెకు బోధపడలేదు.

నేర్చుకోవడానికొచ్చిన పిల్లల్లో నోరున్నది పొట్టి అని పిలిచే పిల్ల. ఈమధ్యే కాలేజీలో చేరింది. "దర్జీకి గుడ్డిస్తే జానెడు వాడింటికే పోతుందని కాలేజీలో నన్ను ఏడిపిస్తున్నారక్కా. మనం దొంగలం కాదని చూపిద్దాం," అంది.

మాట బాగానే ఉంది. కానీ దొంగతనం చేస్తుంటే తీయొచ్చు, చేయకుండా ఉండటాన్ని ఎలా తీస్తారు? ఆ చిక్కుముడి ఆమెకు విడలేదు. చేసేదిలేక తనకు తెలిసిన నాలుగు ముక్కలూ చెప్పింది. చేయి వణకకూడదు, వెలుతురు మనిషి మొహాన పడాలి, తల తెగకూడదు. పిల్లలు బుద్ధిగా తలలూపారు.

సినిమాకి పెద్దదిక్కుగా మిక్సింగక్క తండ్రినే ఎంచుకున్నారు. ఆయన కోట్లు కుట్టడంలో చేయి తిరిగినవాడు. మిగిలిన పీలికను కూడా చుట్ట చుట్టి గిరాకీ చేతిలో పెట్టే రకం. ఆయన్ని తీసిన రోజు ఆమెకు స్టూడియోలో పని తగలడంతో పిల్లలే వెళ్లి వీడియో తీసుకొచ్చారు.

మర్నాడు ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. పెళ్లి వీడియోల అలవాటు కొద్దీ శబ్దం కట్టేసి, ముందు బొమ్మలు ఏరుకోసాగింది. పెళ్లివాళ్ల మాటలు ఎవడిక్కావాలి? ఎలాగూ పైన పాట పడుతుంది. తండ్రి తెరమీదకు రాగానే ఆమె బొమ్మను అక్కడే ఆపేసింది. ఎప్పుడూ బనియనుతో మిషను తొక్కే మనిషి, బూడిదరంగు కోటు వేసుకుని దొరలా కూర్చున్నాడు. కాలరు మీద తాత్కాలికంగా వేసిన తెల్లదారపు కుట్లు ఇంకా విప్పనేలేదు. అది మందులషాపాయన కోటు. ఇంకా ఇవ్వాల్సింది.

మేం దొంగలం కాదని చెప్పే సినిమాలో, గిరాకీ కోటు తొడుక్కుని తన కన్నతండ్రి! పైగా మందులషాపాయన చూడటానికి వస్తాడు, ఊరంతా వస్తుంది. వెళ్లి తండ్రిని అడుగుదామా అంటే ఏమని అడగాలి? ముసలితనంలో ముచ్చటపడ్డాడేమో. ఉంచితే ఆయన పరువు పోతుంది, తీసేస్తే ఆయన మనసు విరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి తనకు చేతనైన పనే చేసింది. తండ్రి ఉన్నదంతా కత్తిరించేసింది.

"తాత లేకపోతే ఇంకేముందక్కా ఇందులో?" అని పొట్టి మొత్తుకుంది.

"కుదరలేదు," అందామె. పొట్టి ఎందుకని అడిగేలోపే పాటలు ఏరుకోవడంలో పడింది.

హాల్లో సినిమా వేసిన రోజు తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తెలిసిన మొహం తెరమీద కనపడిన ప్రతిసారీ పక్కవాణ్ని పొడిచి నవ్వాడు. సినిమా అయిపోయి లైట్లు వెలిగినా తెర వంకే చూస్తున్నాడు.

ఇంతలో మందులషాపాయన భార్యనీ, తల్లినీ, పిల్లల్నీ వెంటేసుకుని వచ్చాడు. "ఏం మాస్టారూ, సినిమాలో నా కోటేదీ? మీ కోటు వేసుకుని కూర్చుంటాను, ఏమనుకోకండని ఫోన్ చేశారుగా! శుభ్రంగా వేసుకోండి, మీ పనితనం అందరూ చూస్తారని చెప్పాను. అది చూపిద్దామనే ఇంటిల్లిపాదినీ లాక్కొచ్చాను," అన్నాడు.

పక్కనున్న పొట్టి మిక్సింగక్క మొహంలోకి వింతగా చూసింది. "తాత మొదటి మాటే అది కదక్కా. ఈ కోటు నాది కాదు, అడిగి వేసుకున్నానని. నువ్వు వినలేదా?"

అంతలో తండ్రి లేచి, మందులషాపాయనకు చేతులు జోడించాడు. "తప్పు నాదేనండీ. నాకు నాలుగు మాటలు పద్ధతిగా చెప్పడం రాదు. ఏదో వాగుంటాను. అందుకే పిల్లలు తీసేసుంటారు."

"అయ్యో, దానికేముంది లెండి," అని మందులషాపాయన పిల్లల్ని తోలుకుని వెళ్లిపోయాడు.

హాలు ఖాళీ అవుతోంది. తండ్రి కూతురి దగ్గరకొచ్చి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించాడు.

"రెండు రోజులు అద్దం ముందు అనుకుని మరీ మాట్లాడానమ్మా. మరీ అంత బాగాలేదా?"

బాగుందంటే అబద్ధం. బాగాలేదన్నా అబద్ధమే. నోటిదాకా వచ్చిన నిజమేమో ఆ రెంటికన్నా పాడుది. తండ్రి ఇంకా ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"నేను వినలేదు నాన్నా," అంది చివరికి.

"వినకుండానే తీసేశావా?" అన్నాడాయన. కోపంగా కాదు, అర్థంకాక అడిగాడు.