కుందేలు జలుబూ, నేను దాటేసిన వాక్యమూ

మొన్న కోళ్లూ పిట్టలూ అమ్మే ముర్గీ చౌక్ పక్కనుంచి వస్తుంటే ఒక ఇనుప బుట్టలో కుందేలు పిల్లలు కనిపించాయి. అందులో ఒకటి వెనక కాళ్ల మీద కూర్చుని ముందరి పంజాలతో ముక్కు రుద్దుకుంటోంది. చుట్టూ నిలబడ్డవాళ్లు మొహం కడుక్కుంటోందని మురిసిపోతున్నారు. నేను మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని, ముందరి కాళ్ల లోపలివైపు బొచ్చు వేలితో నిమిరి చూశాను. పొడిగా, దూదిలా ఉంది. మనసు కుదుటపడి మళ్లీ బుట్టలో పెట్టాను. "కొంటవా బాపూ, ఒట్టిగ పిసుకుతవా?" అన్నాడు అమ్మేవాడు. అందరూ నవ్వారు. నవ్వనీ. ఆ కాళ్ల లోపలివైపు చూడాలని నేను నేర్చుకున్న వారం మా మేనత్త కడుపునిండా అన్నం తినలేదు.

అప్పట్లో మా ఇల్లు లాడ్ బజార్ వెనక సందులో ఉండేది. ముందు గదిలో మా నాన్న బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి గాజులు చేసేవాడు. మేనత్త చిన్నప్పుడే భర్త పోయి తమ్ముడింటికి, అంటే మా ఇంటికి, వచ్చేసింది. పక్కింటి ముస్లిం ఆవిడను అందరం ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్లం. ఆమె భర్తకు ఒక టాంగా, రెండు గుర్రాలు. ఖాలా ఇచ్చిన కుందేళ్ల జంట మా ఇంట్లో ఐదు పిల్లల్ని పెట్టింది. తల్లిపాలు మానగానే అత్త ఆ పిల్లల్ని జంట నుంచి విడదీసి, పాత గాజుల పెట్టెలో గడ్డి పరిచి, వెచ్చగా ఉంటుందని కుంపటి పక్కనే పెట్టింది. మా ఇళ్లలో పసిపిల్లకు స్నానం కాగానే సాంబ్రాణి పొగ వేస్తారు కదా, వాటికి స్నానం లేకపోయినా ఆ పొగ మాత్రం రెండు పూటలా అందేది. కాటుక ఒక్కటే తక్కువ.

నా సంగతి కూడా చెప్పాలి. నాలుగో తరగతితో బడి మానేసి దుకాణంలో కూర్చున్నవాణ్ణి. మిగతా చదువంతా లైబ్రరీ పెట్టిన భిక్షే. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. పద్దెనిమిదేళ్లకే, అచ్చులో ఉన్నది అబద్ధం కాదని, అచ్చులో లేనిది అంత నిజమూ కాదని నాకు గట్టి నమ్మకం ఏర్పడింది. మా నాన్నకు మోకాలు నొస్తే నూనెకు బదులు పుస్తకం తెచ్చేవాణ్ణి.

ఒకరోజు ఐదింటిలో చిన్నది ఆగకుండా ముక్కు రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఖాలా చూసి పకపకా నవ్వింది. "అరె, వజూ చేస్తుంది! మొహం కడిగి నమాజుకు తయారైంది!"

"నీ ఇంట్లనుంచి అచ్చినదాని బిడ్డనే గదనే, నీ బుద్ధి యాడికి పోతది?" అంది అత్త.

రెండు రోజులు ఆ నవ్వుతోనే గడిచాయి. మూడో రోజు తుమ్ములు పట్టుకున్నాయి. ముక్కు నుంచి తెల్లగా కారింది. లేత గడ్డి ముందు పెట్టినా మొహం తిప్పుకుంది. డొక్కలు ఎగసిపడుతుంటే తల పైకెత్తి గాలి కోసం చూసేది. పసిదానికి చలి చేసిందని అత్త సాంబ్రాణి ఇంకా ఎక్కువ వేసింది.

నేను లైబ్రరీకి పరుగెత్తి, పెంపుడు జంతువుల గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చాను. మధ్యాహ్నం అత్త పిల్లను కొంగులో చుట్టుకుని కూర్చుంది, ఖాలా గడప మీద చేరింది. నేను పంతులులా గొంతు సవరించుకుని, ఒక్కో వాక్యమే తెలుగు చేసి చదివాను. కుందేలు అలా రుద్దుకుంటే అది ముక్కు తుడుచుకోవడం కావచ్చు, ముందరి కాళ్ల లోపలివైపు చూడాలి. అత్త చూసింది. బొచ్చు జిగురు పట్టి అట్టలు కట్టి ఉంది. ఖాలా నవ్వు ఆగిపోయింది. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, నోరు తెరిచి పీల్చిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. పొగ, తడిసిన గడ్డి ఘాటు ఊపిరితిత్తులకు విషం. అత్త లేచి సాంబ్రాణి పళ్లెం వాకిట్లో పడేసి వచ్చింది. "నేనే జేసిన గదరా అల్లుడా," అంది.

ఆ తరువాతి వాక్యం దగ్గర ఆగాను. ఇది ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే జబ్బు కనుక జబ్బు చేసినదాన్ని వెంటనే చంపి పాతిపెట్టాలి, మిగతావాటిని కాపాడుకోవాలి, అని ఉంది. కొంగులోంచి ఆ చిన్న ముక్కు గురగురమంటోంది.

"ఏమాయెరా? సదువు," అంది అత్త.

"దీన్ని వేరే పెట్టి, ముట్టినాక చేతులు కడుక్కొని సాకాలంటుండత్తా," అన్నాను.

"సచ్చీ బాత్, నిజమే!" అంది ఖాలా. "మా గుర్రానికి గిట్లయితే వేరే కడ్తం, గడ్డి దినాం మారుస్తం. బుక్కు రాసినాయన కొత్తేం రాసిండు?"

పుస్తకాన్ని మార్చి చదవడం నాకదే మొదటిసారి. మిగతా నాలుగూ చస్తే ఆ పాపం నాదే. మెట్ల కింద, గాలి ఆడేచోట, ఈదురుగాలి కొట్టకుండా గోనె అడ్డం కట్టి చిన్నదానికి చోటు చేశాం. నాలుగింటినీ కుంపటి దగ్గర్నుంచి వెనక వసారాలోకి మార్చాం. ముందు వాటికి మేత వేసి, ఆ తరువాతే దీని దగ్గరికి వెళ్లేవాళ్లం. అత్త గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి ముక్కు తుడిచేది, కొత్తిమీర ఒక్కో రెమ్మే నోటికి అందించేది. పశువుల దవాఖానాలో డాక్టరు, దీనికి నా దగ్గర మందు లేదు, మీరు చేసేదే చేయండి అన్నాడు. రోజూ పొద్దున్నే నేను వసారాలో చెవి ఒగ్గి నిలబడేవాణ్ణి. నాలుగింటిలో ఏదైనా తుమ్ముతుందేమోనని, దేవుడి ముందు కూడా అంత కదలకుండా నిలబడి ఎరుగను.

ఒక్కటీ తుమ్మలేదు. ఆరో రోజు చిన్నది అత్త వేళ్లలోంచి కొత్తిమీర కాడ తనే లాక్కుని కరకర నమిలింది. అత్త ఆ పూట నాకంటే ముందు కంచం ముందు కూర్చుంది. ఆ కుందేలు బతికినన్నాళ్లూ కొంచెం గురకతోనే బతికింది. మళ్లీ మిగతావాటితో కలపలేదు.

పుస్తకం తిరిగి ఇచ్చే రోజు అత్త దాన్ని కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "ఆ దినం ఆడ ఆగినవు. సంపుమన్నడా?" అంది మెల్లగా.

నేను తల దించుకున్నాను. "నీకెట్ల ఎరుక?"

"నువ్వు సదివేటప్పుడు కండ్లు బుక్కులనే ఉంటయి అల్లుడా. ఆ ఒక్క మాట మటుకు పిల్లను సూసుకుంట సదివినవు."

తరువాత చాలా పుస్తకాలు చదివాను, చదివినవి చాలా మరిచిపోయాను. కాలం ఆ లావుపాటి పుస్తకంలోని అచ్చునంతా ఒక్కో పుటే తుడిచేసింది. అందులో లేని నా మాట ఒక్కటే చెరగకుండా మిగిలింది.