జీపు బయలుదేరే వేళ తుమ్ము

"ఫిబ్రవరి, మంగళవారం. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు బస్సు. చివరి సీట్లో నేను, పేరు అడగని ఒక జీపు డ్రైవరు" అని నా పాత డైరీలో ఉంది.

కిటికీ అవతల పొద్దుతిరుగుడు చేలు పూత మీదున్నాయి. ఇద్దరం ఒకేసారి తుమ్మాం.

"నీకూ పూతకాలం జబ్బేనా మామా?" అని నవ్వి, అతను సీసాలోని పులిసిన చద్దినీళ్లు తాగాడు. "నేను జీపు తోలేది మా అన్నకు, ఫ్యాక్షన్ మనిషి. బయలుదేరేటప్పుడు నేను తుమ్మితే అపశకునమని జీపు దిగిపోతాడు. రేపు ఆయన నామినేషన్. రేపు గాని తుమ్మితే పనిలోకి రావద్దన్యాడు. ఈ నీళ్లు తాగితే కడుపు బాగుపడి తుమ్ములు తగ్గుతాయని మా అవ్వ చెప్పింది. నెల నుంచి తాగుతాండా."

"తగ్గినాయా?"

"తగ్గినట్టే ఉంది. నీళ్లకు తగ్గినాయో, పూత ముదిరిపోతాందని తగ్గినాయో, యాడ తెలుస్తాది?"

మరునాడు ఉదయం ప్రొద్దుటూరులో మా వీధిలోని పార్టీ ఆఫీసు ముందు జీపులు బయలుదేరాయి. మొదటి జీపు నడిపేది అతనే. నన్ను చూసి చెయ్యెత్తాడు. అతను తుమ్మలేదు గానీ, నాకు ముక్కు దురద మొదలైంది. ఎవరు తుమ్మినా అపశకునమే. జీపు మలుపు తిరిగేదాకా తువ్వాలుతో ముక్కు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత వరుసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. ఇంట్లోకి వెళ్లి మా ఆవిడను చద్దినీళ్లు అడిగాను.