వెర్నా నీమి నల్ల కళ్ళద్దాలు

ముందు వినిపించింది టైపు మిషను. టకటకటక, చివర ఒక చిన్న గంట, మళ్ళీ టకటక. వైద్య కళాశాలలో నా మొదటి రోజు అది. కిటికీల బయట సుపీరియర్ సరస్సు బూడిదరంగు దుప్పటిలా పడుకుని ఉంది. పొడవాటి నడవాలో దారి తప్పి, ఆ చప్పుడు పట్టుకుని నడిచాను. చప్పుడు చివర తెరిచిన తలుపు, తలుపు వెనక ఏలకుల వాసన, ఆ వాసన వెనక వెర్నా నీమి.

"దారి తప్పావా బంగారం? అందరూ తప్పి ఇక్కడికే వస్తారు. ముందు రొట్టె తిను, దారి తర్వాత చెబుతాను."

విద్యార్థుల కార్యాలయంలో ఆమె గుమాస్తా. తండ్రి ఇనుప ఖనిజం మోసే ఓడల మీద పనిచేసేవాడు. తల్లి నుంచి ఏలకుల రొట్టె వచ్చింది, తండ్రి నుంచి ఎదురుచూడడం వచ్చింది. ఓడ కనబడకపోయినా రేవులో నిలబడడం చిన్నప్పుడే నేర్చుకున్నానని అనేది. పనంతా కంప్యూటరు మీదే. టైపు మిషను మాత్రం పేర్ల కోసం. కొత్తగా చేరినవాళ్ళ పేర్లు గుండెల మీద పెట్టుకునే చీటీల మీద ఒకసారి, నాలుగేళ్ళ తర్వాత మార్చిలో కవర్ల మీద ఒకసారి. "రెండుసార్లే కొడతాను మీ పేరు. వచ్చేటప్పుడూ, వెళ్ళేటప్పుడూ."

మా దేశంలో డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన వైద్యం చేయనివ్వరు. ఏదో ఒక ఆసుపత్రి మమ్మల్ని తీసుకుని కొన్నేళ్ళు పని నేర్పాలి. శరత్కాలంలో ఊరూరి ఆసుపత్రులకూ దరఖాస్తులు పెడతాం. చలికాలమంతా వాళ్ళు కంప్యూటరు తెర మీద మమ్మల్ని ప్రశ్నలడుగుతారు. మంచు ఇంకా కరగకముందే మేం ఆసుపత్రులను ఇష్టాన్ని బట్టి వరసగా రాస్తాం, వాళ్ళూ మమ్మల్ని అలాగే రాస్తారు. రెండు వరసలనూ ఒక కంప్యూటరు కలుపుతుంది. మార్చిలో ఒక శుక్రవారం, దేశమంతా ఒకే గడియలో కవర్లు చిరుగుతాయి. మా ఊళ్ళో అప్పుడు ఉదయం పదకొండు.

కవర్లలో కాగితాలు పెట్టేది వెర్నా. అంటే, అందరికంటే ముందు ఎవరి బతుకు ఎటో తెలిసేది ఆమెకే. ఆమె ముఖమేమో గాజుపలక, లోపలున్నదంతా బయటికి కనిపిస్తుంది. అందుకని ఆ ఒక్క ఉదయం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చేది. బయట మంచు కురుస్తున్నా సరే.

మా క్లాసు కొంటె కోణంగి డ్వేన్ పూలర్ నడవాలో ఎదురుపడినప్పుడల్లా అడిగేవాడు. "మిస్ వెర్నా, ఈసారి నాకోసం ఆ అద్దాలు కొంచెం కిందికి జార్చరూ?"

"నీ మార్కులు చూసినప్పటినుంచీ నా కళ్ళే జారిపోయాయి, డ్వేన్. అద్దాలైనా ఉండనీ."

నాకు పిల్లల వైద్యం కావాలి. నగరంలో పిల్లల పెద్ద ఆసుపత్రి ఒకటుంది. మూడేళ్ళు దాని పేరే జపించాను. ఆ ఆసుపత్రివాళ్ళు జనవరిలో నాతో మాట్లాడారు. తెర మీద ముగ్గురు డాక్టర్లు. "పిల్లల వైద్యమే ఎందుకు?" అనడిగారు. దానికి నా దగ్గర కంఠతా పట్టిన జవాబుంది. ఆ క్షణాన అది నన్ను వదిలి ఎగిరిపోయింది. తెరలో నా ముఖం నన్నే చూస్తోంది. నా నోటినుంచి వచ్చింది ఇదీ: "ఏమో... వాళ్ళ పాదాలంటే నాకిష్టం."

వాళ్ళు మర్యాదగా నవ్వారు. సంగతి తెలిసిన సాయంత్రం నుంచీ డ్వేన్‌కు నేను 'పాదాల డాక్టరమ్మ'ని.

వరస ఖరారు చేయడానికి ఆఖరి రోజు వచ్చింది. రాత్రి ఎనిమిదికి గడువు. ఖరారు మీట నొక్కనివాళ్ళందరికీ వెర్నా మధ్యాహ్నం నుంచే ఫోన్లు చేస్తుంది. నొక్కని వరస రాయని వరసతో సమానం. నాకూ ఫోను వచ్చింది. కంప్యూటరు చంకన పెట్టుకుని ఆమె గదికి వెళ్ళాను. వరస తయారుగానే ఉంది, వేలే కదలడం లేదు.

ఆమె నేను రాసిన తొమ్మిది ఆసుపత్రుల పేర్లూ చదివింది. అద్దాలు లేని ముఖం, అంతా కనిపించింది.

"సిగ్రిడ్, మూడేళ్ళుగా నువ్వు కలవరించే పేరు అడుగున పడి ఉందేం?"

"వాళ్ళు నన్ను తీసుకోరు మిస్ వెర్నా. పాదాలన్నాను కదా. మొదటి చోటు వాళ్ళకెందుకు వృథా చేయడం? ఫార్గో ఊరి ఆసుపత్రివాళ్ళు బాగా మాట్లాడారు, వాళ్ళని ముందు పెట్టాను. రెండో చోట రాస్తే ఫార్గో కూడా పోతుందేమో."

ఆమె కుర్చీ నా దగ్గరికి లాక్కుంది. "ఇది ముందొచ్చినవాళ్ళకి ముందు అనే లెక్క కాదు బంగారం. ఆ యంత్రం నీ చెయ్యి పట్టుకుని మొదటి తలుపు దగ్గరికి తీసుకెళ్తుంది. వద్దంటే రెండో తలుపు. రెండో ఇంటివాళ్ళకి నువ్వు ఎక్కడెక్కడ తిరిగొచ్చావో తెలీదు. నీకంటే ముందు ఇంకెవరో వచ్చి కూర్చున్నా, వాళ్ళకి నువ్వే ఎక్కువ ఇష్టమైతే నిన్నే ఉంచుకుంటారు. మొదట పెద్ద తలుపు కొడితే నీకు పోయేదేమీ లేదు."

"వాళ్ళు వద్దంటే?"

"అననీ. అది వాళ్ళు చెప్పాల్సిన మాట. వాళ్ళ తరఫున నువ్వెందుకు చెబుతున్నావ్? నీకేమైనా జీతమిస్తున్నారా?"

నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కన్నీళ్ళూ వచ్చాయి. ఆమె బల్ల కింది సొరుగు లాగి, పసుపు పట్టిన కాగితం ఒకటి నా ముందు పెట్టింది. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు నాటి నర్సింగు బడి దరఖాస్తు. ప్రతి గడీ నిండి ఉంది, చక్కటి చేతిరాత. కావలసిన పని దగ్గర 'పసిపిల్లల వార్డు' అని ఉంది.

"వద్దన్నారా?" అన్నాను.

"వాళ్ళనేం అననిచ్చాను గనక? తపాలాపెట్టె దాకా వెళ్ళి, నాలాంటిదాన్ని ఎవరు తీసుకుంటారులే అని తిరిగొచ్చాను." కాగితాన్ని మళ్ళీ మడతల వెంటే మడిచింది. "వరస నీది. ఎలా రాసుకున్నా నేను మాట్లాడను. ఒక్కటి చెప్పు. జులైలో ఒకరోజు నిద్ర లేచి, ఏ ఊరి కిటికీ చూస్తే నవ్వొస్తుంది నీకు?"

పిల్లల ఆసుపత్రిని పైకి జరిపాను. ఫార్గో రెండోది. ఖరారు నొక్కాను. ఆమె రొట్టె కోసి పెట్టింది.

ఆ శుక్రవారం హాలంతా అమ్మానాన్నలు, పూలు, ఏడుపు ముఖాలు. ఎక్కడో ఒకచోట అందరికీ చోటు దొరికిందని సోమవారమే తెలిసింది, ఎక్కడో మాత్రం తెలియదు. వెర్నా నల్ల కళ్ళద్దాలతో బల్ల వెనక నిలబడి, పేరు పేరునా కవరు అందిస్తోంది. నా కవరు ఇస్తూ ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకుంది. నా పేరు మీద టైపు అక్షరాలు కాగితంలోకి దిగిపోయి ఉన్నాయి, వేలికి తగిలాయి.

పదకొండు కొట్టింది. చించాను.

ఫార్గో.

అంటే పెద్ద తలుపు నాకు తెరుచుకోలేదు. గుండెలో ఒక చిన్న అల లేచింది, ఒడ్డుకు తగిలింది, వెనక్కి వెళ్ళింది. అంతే. నేను తట్టాను, వాళ్ళు జవాబిచ్చారు, నా పక్కనే ఇంకో తలుపు నిండుగా తెరిచే ఉంది. ఇక బతుకంతా 'అడిగి ఉంటేనా' అని వెనక్కి చూడనక్కర్లేదు. తల ఎత్తి చూస్తే వెర్నా కళ్ళద్దాలు తీసేసి నన్నే చూస్తోంది. ఆమె కళ్ళు నాకంటే ముందే ఎర్రబడ్డాయి. నేను నవ్వాను. అప్పుడు ఆమె కూడా.

ఫార్గోలో మూడేళ్ళు పని నేర్చుకుని అక్కడే ఉండిపోయాను. రోజుకు పాతిక జతల పాదాలు చూస్తాను. చలికి ఎర్రబడినవి, సబ్బు వాసన వేసేవి, సూది చూడగానే తన్నేవి. ఆ పాదాల్లో ప్రతి జతకూ ఆమెకు కొంత రుణపడి ఉన్నాను.

వెర్నా నిరుడు పదవీ విరమణ చేసింది. మొన్న ఆదివారం ఫోను చేశాను.

"ఆ కాగితం ఇంకా సొరుగులోనే ఉందా?"

"దాన్ని చూసే కొత్తది రాశాను. మన ఊరి ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల్ని ఎత్తుకుని కూర్చోడానికి మనుషులు కావాలట. జీతం లేదు, ఉత్త ఒడి చాలు. దానికీ ఎంత పోటీ అనుకున్నావ్! మూడు ఇష్టాలు వరసగా రాయమన్నారు. పూలమొక్కలకి నీళ్ళు పోయడం మూడోది, పుస్తకాల బండి తోయడం రెండోది."

"ఎందుకు చేరాలనుకుంటున్నారు అని అడిగారా?"

"అడిగారు. నీ జవాబే రాశాను. పాదాలంటే ఇష్టమని."

నేను నవ్వాపుకోలేకపోయాను. "మరి ఏమన్నారు మిస్ వెర్నా?"

అవతల ఓవెన్ తలుపు తెరిచిన చప్పుడు. ఏలకుల వాసన ఫోనులోంచి వచ్చినట్టే అనిపించింది.

"మొదటి తలుపే కొట్టాను బంగారం. ఇంకా తియ్యలేదు. ఫరవాలేదు, రొట్టె పట్టుకుని నిలబడే ఉన్నాను."