గుమ్మం పక్కన నిమ్మకాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో సాతాను పేరు వినపడని రోజు ఉండేది కాదు. పాలు విరిగినా, నాన్నకి నైట్ డ్యూటీ పడినా మా అమ్మ వాడినే తిట్టేది. అవి అరవైల నాటి రోజులు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మాది రైల్వే క్వార్టరు. ఆ వరసలో మేమొక్కళ్లమే క్రైస్తవులం, మిగతావాళ్లంతా మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు, హిందువులు. అందరితోనూ బాగానే ఉండేవాళ్లం. అయినా సాతాను ఏ గోడ దూకి వస్తాడోనని అమ్మ ఓ కన్ను వేసే ఉంచేది. ఆ గుణం నాకూ వచ్చింది.

పక్కింటి పిన్నికి పిల్లలు లేరు. మా తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచి పగలంతా మా ఇంట్లోనే ఉండేది. వెనక తలుపు తోసుకుని నేరుగా వంటగదిలోకి వచ్చి, వాణ్ణి చంకనేసుకుని పోయేది. అమ్మకి అది పెద్ద సాయం.

ఒకనాడు పొద్దున్నే అమ్మ తలుపు తీసేసరికి గుమ్మం పక్కన కుంకం పూసిన నిమ్మకాయ ఉంది, దానికో నల్లదారం. అదే సమయానికి పిన్ని తన వాకిలి ఊడుస్తోంది. సాయంత్రానికి తమ్ముడి ఒళ్లు కాలిపోయింది. ఇంక చెప్పాలా! పిల్లలు లేని మనిషి, పొద్దున్నే వాకిట్లో ఏం పని, నిన్న వాడి పాత చొక్కా ఎందుకు అడిగి పట్టుకెళ్లింది అని అమ్మ ఒకటంటే నేను రెండు అందించాను. వాకిలి పొద్దున్న కాక ఇంకెప్పుడు ఊడుస్తారన్నది మాకు తోచనే లేదు. వెనక తలుపుకి గడియ పడింది. పిన్ని వచ్చి తట్టి, బిడ్డకెలా ఉందని అడిగి, జవాబు రాక వెళ్లిపోయేది. రైల్వే ఆసుపత్రి మందు పోస్తున్నా జ్వరం తగ్గలేదు. పిన్నే చిల్లంగి పెట్టిందని, చేతబడి చేసిందని అమ్మ నిశ్చయించేసుకుంది.

ఆ కాయని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. శనివారం మా ఇంట్లో ప్రార్థన కూటం. పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థించాకే తీద్దామని దాని మీద గంప బోర్లించారు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, ఇదంతా మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. నిమ్మకాయ మాటెత్తినప్పుడల్లా నాన్న సైకిలు తుడవడానికి బయటికి పోవడం కూడా ఆవిడ చూసే ఉంటుంది.

కూటానికి జనం బాగానే వచ్చారు. పాటలయ్యాక నాన్నే గొంతెత్తి, శత్రువు తంత్రాల నుంచి మా ఇంటిని కాపాడమని ప్రార్థించాడు. ఆయన సంఘ పెద్ద. టీ ఇచ్చే వేళకి మామ్మ షర్బత్ గ్లాసులు తెచ్చింది. గంప కింది కాయే పిండేనని చల్లగా చెప్పింది.

"పార్ధన సేసినాం కదా, ఇంకా బయమేటి? తాగండి."

అప్పటిదాకా సాతానుని కాళ్ల కింద తొక్కినవాళ్లంతా గ్లాసుల వంక చూస్తూ ఉండిపోయారు. అయ్యగారికి ఉన్నట్టుండి తన పడిశం గుర్తొచ్చింది. అమ్మ నా చేతిలో గ్లాసు లాగేసుకుంది. నాన్న ఒక్కడే గటగటా తాగేసి, గ్లాసు కింద పెట్టాడు.

మామ్మ ఆయన ఎదురుగా కూర్చుంది. "ఇందరికీ బయమేసింది. నీకేటి ఎయ్యనేదురా? అదెక్కడిదో నీకు తెలుసు."

నాన్న అంతా చెప్పేశాడు. కాయ కనపడ్డ ముందురోజు ఆయన పనిచేసే వర్క్‌షాపులో విశ్వకర్మ పూజ జరిగింది. ఆ రోజు మిషన్లకీ సైకిళ్లకీ కుంకం పెట్టి నిమ్మకాయలు కడతారు. తోటివాళ్లు ఆయన సైకిలుకీ కట్టారు. వద్దంటే వాళ్లేమనుకుంటారోనని ఊరుకున్నాడు. ఇంట్లో ఏమంటారోనని గుమ్మం దగ్గర తెంపి చీకట్లో విసిరాడు. కాలవలో పడిందనుకున్నాడు. పూజలో నిలబడ్డాడని తెలిస్తే సంఘం ఆయన్ని ప్రభువు బల్లకు దూరం పెడుతుంది, రొట్టె, ద్రాక్షారసం ఇవ్వదు. ఆ భయంతో, పక్కింటి మనిషి మీద నింద పడుతున్నా నోరు మెదపలేదు.

షర్బత్ బజారు కాయలదేనని, అసలుది గంప కిందే ఉందని మామ్మ అప్పుడు చెప్పింది. "మీరు సైతానుని గుమ్మం కాడ ఎతుకుతున్నారు. ఆడు నోపలే కూకున్నాడు. నా కోడలి నోట్లో ఉన్నాడా, నీ మౌనంలో ఉన్నాడా అంటే, రెండు సోట్లా ఆడే," అని అయ్యగారికేసి చూసి, మళ్లీ నాన్నతో, "బల్ల సంగతి తరవాత. ముందు పక్కింటికెల్లు," అంది.

నాన్న వెళ్లాడు, వెనకాలే అమ్మ, నేను. పిన్ని అంతా వింది. లోపలికెళ్లి, పాత చొక్కా కొలతకి తమ్ముడి కోసం కుట్టిన కొత్త చొక్కా తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. "బిడ్డకెలాగుంది?" అని మాత్రం అడిగింది. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

తమ్ముడి జ్వరం కొన్నాళ్లకి మందుతోనే తగ్గింది. ఆ నెల చర్చిలో నాన్న రొట్టె పళ్లెం తాను తీసుకోకుండా పక్కవాళ్లకి అందించాడు. అందరూ చూశారు. నాకు సిగ్గేసింది, ఆయన ముఖం మాత్రం తేలికపడి ఉంది.

పిన్ని మళ్లీ రావడం మొదలుపెట్టింది. కానీ తలుపు బార్లా తీసి ఉన్నా గడప అవతలే ఆగి, అమ్మని అక్క వరసతో పిలిచి, "అప్పా, నోపలికి రానా?" అని అడిగేది. రావే, అడగడమేమిటే అని అమ్మ బతిమాలేది. మర్నాడు మళ్లీ అడిగేది. వాళ్లాయనకి బదిలీ అయ్యి వెళ్లిపోయేదాకా అలా అడుగుతూనే ఉంది.

అనుమానం నాకు ఈ వయసులోనూ వస్తుంది, పుట్టుకతో వచ్చిన గుణం ఎక్కడికి పోతుంది? వచ్చినప్పుడు మోకరించి ప్రార్థిస్తాను. ఆ తరవాత లేచి, చెప్పులేసుకుని, ఆ మనిషి ఇంటికే వెళ్లి అడుగుతాను. వాళ్ల గుమ్మంలో నిలబడి, లోపలికి రానా అని నేనే అడుగుతాను.