రంపం ఆపింది సువార్తమ్మ కాదు

ఒక మనిషి ఏ తప్పూ చేయలేదని మీ ఒక్కరికే తెలిసి, ఒక్క మాట చెబితే ఆ మనిషి బతుకు నిలబడుతుందని కూడా తెలిసి, మీరెప్పుడైనా నోరు మూసుకుని నిలబడ్డారా?

నేను నిలబడ్డాను. ఆ బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మూఢనమ్మకాల మీద గొంతు బొంగురుపోయేదాకా అరిచినవాణ్ణి. శకునాలనీ శాంతులనీ చెప్పి జనాన్ని బెదిరించేవాళ్లను సభలో ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి లేపి పంపినవాణ్ణి. అటువంటి నోటితోనే, ఒక ఉదయం సూటిగా ఒక మాట అడిగిన ఆడమనిషిని తప్పుడు జవాబు చెప్పి పంపేశాను. ఆ సంగతి మీకు చెబుతున్నాను. మీ ఓదార్పు నాకు అక్కర్లేదు. వినండి, చాలు.

మార్కాపురంలో ఒక పలకల కార్ఖానాకు నేను మేనేజరుగా ఉన్న రోజులవి. గనుల్లోంచి వచ్చిన రాయిని పొరలుగా చీల్చి పలకలు చేసేవాళ్లు ఒక పక్క, ఆ పలకలకు చుట్టూ బిగించే కర్ర చట్రాలు చేసేవాళ్లు ఇంకో పక్క. చట్రాలకు కర్ర కోయడానికి ఒక పాత రంపం బల్ల ఉండేది. బల్ల మధ్యలో గుండ్రటి రంపం, బల్ల కింద దాని ఇరుసు, ఆ ఇరుసు నుంచి గోడవతల ఉన్న ఆయిల్ ఇంజనుకు పొడుగాటి తోలుపట్టీ. ఇంజను తిరిగితే రంపం తిరుగుతుంది. యంత్రం ఇంతే.

ఆ బల్ల దగ్గర సువార్తమ్మ పనిచేసేది. కొనకనమిట్ల వైపు నుంచి కూలికి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. మొదట గని దగ్గర రాళ్లు మోసింది. ఒకరోజు రంపం పట్టే సుబ్బయ్య రాకపోతే తనే కర్ర అందుకుని కోసింది. ఆడమనిషిని రంపం దగ్గర నిలబెట్టింది నేనేనని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆమె తనంతట తానే నిలబడింది, నేను అడ్డం చెప్పలేదు, అంతే. ఆమె కోస్తుంటే చూడాలి! కర్రలో ముడి రాబోతుంటే రంపం గొంతు మారేది. ఆ మార్పు మనకు వినిపించేలోపే ఆమె చెయ్యి మెత్తబడేది. ముడి దాటగానే మళ్లీ బలంగా తోసేది. కొంగు నడుముకు బిగించి, ఒళ్లంతా రంపం పొట్టుతో, ఎవరిమీదో ఒకరిమీద ఏదో ఒక పరాచికం విసురుతూనే ఉండేది. ఆమె కోసిన చట్రాల మూలలు ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చునేవి. సుబ్బయ్యకు అది గిట్టలేదు. పొద్దున్నే వచ్చి రంపం నడిపేది అతనే. సువార్తమ్మ పల్లె నుంచి నడిచి వచ్చాక బల్ల ఆమెకు అప్పగించాల్సి వచ్చేది.

నా గురించి కూడా చెప్పాలి. సాయంకాలం పని ముగిశాక కార్ఖానా పెరట్లో ఒక బల్లెక్కి ఉపన్యసించేవాణ్ణి. కులం అబద్ధమనేవాణ్ణి. నన్ను అయ్యా అనొద్దు, అన్నా అనండి అనేవాణ్ణి. ఎవరేం చెప్పినా చేసి చూడండి, చూశాకే నమ్మండి అనేవాణ్ణి. దసరాకు యంత్రాలకు పూజ చేసే ఆనవాయితీని వాదించి వాదించి మాన్పించాను. "రంపానికి కావలసింది కొబ్బరికాయ కాదు, నూనె" అని నేనన్న మాట ఊళ్లో చాలామంది నోట్లో నలిగింది. యజమాని అయిష్టంగానే ఒప్పుకున్నాడు. కూలివాళ్లలో కొందరు భయపడ్డారు. సువార్తమ్మ మాత్రం ముందు వరుసలో కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ప్రతి మాటా తూకం వేస్తున్నట్టు వినేది.

ఆ దసరా దాటిన కొద్ది రోజులకే నా కూతురికి జ్వరం వచ్చింది. విడవలేదు. కంభం నుంచి డాక్టరును పిలిపించాను, మందు పడుతూనే ఉంది. పిల్ల పలవరిస్తోంది. నా భార్య అమ్మవారి గుడి నుంచి పసుపు దారాలు తెచ్చింది. ఒకటి పిల్ల మంచానికి కట్టింది. రెండోది నా ముందు పెట్టింది.

"మీ వాదాలు మీ దగ్గరే పెట్టుకోండి. పూజ మాన్పించిన ఆ మిషనుకు ఇది కట్టి రండి. బిడ్డ కోసం ఒక్క దారం కట్టలేరా?"

ఆమెను నేను తప్పుపట్టను. ఆమె నమ్మింది, నలుగురూ చూస్తుండగా కట్టింది. నేను నమ్మలేదు. నమ్మలేదు కదా, మరి ఎందుకు కట్టాను? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. కట్టకపోతే, పిల్లకు ఏమైనా అయితే, ఆ ఒక్క దారం కట్టలేదన్న మాట జీవితాంతం వినాల్సి వస్తుందని భయమా? లేక నా తెలివి అంతా పైపైనే ఉండి, అడుగున నేను మా తాత కంటే ఒక్క అడుగు కూడా ముందుకు రాలేదా? తెలియదు. తెలిసినట్టు రాస్తే ఇదీ ఉపన్యాసమే అవుతుంది.

పనివాళ్లు రాకముందే కార్ఖానాకు పోయాను. బల్ల కాలికి కడితే అందరికీ కనిపిస్తుంది. అందుకని బల్ల కిందికి దూరి, రంపం ఇరుసుకు, బేరింగు పక్కనే, ఎవరి చూపూ పడని చోట చుట్టి ముడి వేశాను. గమనించండి. బల్ల కాలికి కట్టి ఉంటే ఏమీ జరిగేది కాదు. దాచిపెట్టాలనుకున్నాను కనుకనే తిరిగే ఇరుసుకు కట్టాను.

తర్వాత జరిగింది ఊహించడం కష్టం కాదు. ఇరుసు తిరిగేకొద్దీ దారం జరుగుతూ జరుగుతూ బేరింగులోకి చేరింది. నూలుదారం కదా, అక్కడున్న నూనెనంతా పీల్చుకుంది. కొబ్బరికాయ వద్దు, నూనె పోయండి అన్న పెద్దమనిషి కట్టిన దారం రంపం నూనె తాగేసింది. కాసేపు తిరిగాక ఇరుసు వేడెక్కేది, బిగుసుకునేది. గోడవతల ఇంజను మూలుగుతూ మూలుగుతూ ఆగిపోయేది. చల్లారాక మళ్లీ తిరిగేది. సుబ్బయ్య నడిపే పొద్దుటిపూట బాగానే ఉండేది. రంపం వేడెక్కి ఆగే సమయానికి సువార్తమ్మ బల్ల దగ్గర ఉండేది.

ఇంకేం కావాలి? మొదటిరోజు గుసగుస. రెండోరోజు సుబ్బయ్య పైకే అన్నాడు. పూజ లేదు, పునస్కారం లేదు, పైగా ఆ మనిషి ఏ వేళలో ఎట్లా వచ్చి తాకుతుందో అన్నాడు. యజమాని ఇంజన్లు బాగుచేసే ఖాసిం మిస్త్రీని పిలిపించి, పనిలో పనిగా సువార్తమ్మను ఆ పూటకు గేటు బయట ఉండమన్నాడు.

ఖాసిం మిస్త్రీ ఇంజను చుట్టూ తిరిగి నూనె చూశాడు, గొట్టాలు చూశాడు. చివరికి తోలుపట్టీ ఊడదీసి ఒట్టి ఇంజను నడిపాడు. గడియారంలా నడిచింది.

"ఇంజనుకు ఏం బీమారి లేదు. ఆ బల్ల కిందనే ఏందో పట్టుకుంటాంది. తిని వచ్చి విప్పుతా" అన్నాడు.

అందరూ అన్నాలకు పోయారు. నేను బల్ల కిందికి దూరాను. దారం నల్లగా మాడి బేరింగు అంచున బిగిసి ఉంది. చాకుతో కోసి లాగి, నూనె పోసి, ముక్కలన్నీ రంపం పొట్టులో కలిపేశాను.

మిస్త్రీ వచ్చి చేత్తో ఇరుసు తిప్పాడు. తిరిగింది. వంగి వాసన చూశాడు. "ఎవరో నూనె పోసినారే" అని తలెత్తి అందరి ముఖాలూ చూశాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. పట్టీ తగిలించారు. సాయంకాలందాకా రంపం ఒక్కసారి కూడా ఆగలేదు.

"చూసినావా?" అన్నాడు యజమాని నాతో.

చూశాను. ఆ పూట రెండు సంగతులు మారాయి. సువార్తమ్మ బయటికి పోయింది, దారం తెగింది. ఊరికి మొదటిది మాత్రమే తెలుసు. రెండోది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను రహస్యంగా చేసిన మరమ్మతు ఆమె మీద సాక్ష్యమైంది.

మర్నాడు పొద్దున ఆమె మామూలు కంటే ముందే వచ్చింది. గేటు దగ్గర సుబ్బయ్య అడ్డం నిలబడ్డాడు.

"దూరంగా ఉండు తల్లీ. నువ్వు పోయినాక పువ్వు మాదిరి తిరిగింది రంపం."

"నన్ను చూసి ఆగిపోయేంత సిగ్గుంటే దానికి ముందొక కోక చుట్టు, సుబ్బయ్య మామా!"

పెరడంతా గొల్లుమంది. సుబ్బయ్య కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆమె అతన్ని పక్కకు నెట్టి నేరుగా నా ముందుకు వచ్చింది.

"అన్నా, మీరే చెప్పినారు గదా, ఎవురేం జెప్పినా చేసి చూసి నమ్మండని. నిన్న నేను లేకుండా నడిపి చూసినారు. ఈ పొద్దు నన్ను పక్కన నిలబెట్టి నడపండి. ఆగిందా, నా కాళ్లతో నేనే పోతా, మళ్లా ఈ గేటు తొక్కను. ఆగలేదా, నా బల్ల నాకియ్యండి. ఏందన్నా, తప్పు మాట్లాడినానా?"

తప్పా! అంతకంటే న్యాయమైన పరీక్షను నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నేను అన్నేళ్లు మాటల్లో చెప్పినదాన్ని ఆమె తన కూడును పణంగా పెట్టి చేయబోతోంది. నా ఉపన్యాసాలు విన్నవాళ్లు ఎందరో ఉన్నారు, వాటిని నిజమని నమ్మినది ఆమె ఒక్కతే. పైగా ఆ పరీక్షలో ఆమె గెలుస్తుందని నాకు తెలుసు. రంపం ఆగదు. నేను నా తప్పు ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. "నడపండి" అంటే చాలు.

అనలేదు. ఎందుకంటే, ఆమె పక్కనుండగా రంపం నడిస్తే, మరి మొన్న ఆగింది దేనివల్ల అని ఖాసిం మిస్త్రీ అడుగుతాడు. నూనె పోసింది ఎవరని అడుగుతాడు. దారం సంగతి బయటికి వస్తుంది. హేతువాది దొంగచాటుగా దారం కట్టాడని ఊరంతా నవ్వుతుంది. ఆ నవ్వుకు భయపడ్డాను.

"పరీక్షలు చేయడానికి ఇదేం సభ కాదు సువార్తమ్మా. ఇక్కడ పని జరగాల. కొన్నాళ్లు గని దగ్గరికి పో."

ఆమె నన్నే చూస్తూ నిలబడింది. నవ్వు ఇంకా ముఖం మీదనే ఉంది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు.

"అట్లనా. అయితే ఆ బల్లెక్కి మీరు చెప్పిందంతా మాకు గాదన్నమాట. సరే, అయ్యా."

అయ్యా. ఆ రోజు నుంచి ఆమె నన్ను అన్నా అని పిలవలేదు.

ఆమె తిరిగి రాళ్ల మోతకు పోయింది. ఆమెకు పేరు కూడా పడింది, "రంపం ఆపిన సువార్త" అని. ఆమె ఎదురొస్తే ఎద్దులబండ్లు పక్కకు తిప్పుకునేవాళ్లు. మరుసటి దసరాకు రంపానికి పూజ జరిగింది. నేను ఏమీ అనలేదు. నా కూతురు కోలుకుంది. మందువల్లనే కోలుకుందని ఇప్పటికీ వాదించగలను. వాదించి ఎవరిని గెలవను?

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటారా? పోయిన వారం బేస్తవారిపేట పోయే, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఎక్కాను. సువార్తమ్మ కూడా ఎక్కింది. తల నెరిసింది. భుజాలు రాళ్లు మోసి వంగాయి, మెడ వంగలేదు. సగం దారిలో బస్సు ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో, "రంపం ఆపిన సువార్త ఎక్కింది గదా, ఇంకేం కదుల్తాది" అన్నారు. డ్రైవరు బొగ్గు కుంపటి ఎగదోస్తున్నాడు. ఆమె తాపీగా దిగి, పోయి బస్సు ముక్కుకు ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు తిప్పు నాయనా. నా ముఖం చూసుకుంటా తిప్పు. అందరూ చూడండి, మళ్లా చూడలేదనొద్దు!"

అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. డ్రైవరు నవ్వుతూ ఇంజను హ్యాండిల్ తిప్పాడు. రెండోసారికి బస్సు దగ్గింది, కదిలింది. ఆమె పరుగెత్తుకొచ్చి ఎక్కింది. అన్నేళ్ల కింద నేను చేయనివ్వని పరీక్షను ఆమె వదిలిపెట్టలేదు. అవకాశం దొరికిన ప్రతిచోటా చేస్తూనే ఉందని తర్వాత తెలిసింది, కొత్త మిల్లు ముందూ, తిరునాళ్ల రంగులరాట్నం ముందూ. బల్ల లేకుండా, సభ లేకుండా, చప్పట్లు లేకుండా. ఈ తాలూకాలో హేతువాది అని పిలవదగిన మనిషి ఒకరుంటే ఆమే.

కూర్చోబోతూ నన్ను గుర్తుపట్టింది.

"పాప బాగుందా అయ్యా? అప్పట్లో జొరం వచ్చినప్పుడు మేమంతా ప్రార్థన చేసినాం."

"బాగుంది" అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. బస్సు నిండా జనం ఉన్నారు. చెప్పలేదు. పేట వచ్చింది, ఆమె దిగిపోయింది.

అందుకే రాస్తున్నాను. దీనికి క్షమ ఉందని నేను అనుకోవడం లేదు. ఆమె మోసిన రాళ్లలో ఒక్కటి కూడా నా మాటతో వెనక్కి రాదు. కానీ దారం కట్టింది నేనని ఇప్పుడు కాగితం మీద ఉంది. రాసేసరికి ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది, దాచను. పేరు రాయలేదేమని అడుగుతారు. మార్కాపురంలో దసరా పూజ మాన్పించిన మేనేజరు ఒక్కడే. ఎవరిని అడిగినా చెబుతారు.

మీరు మాత్రం దీన్ని చదివి మడిచి పక్కన పెట్టకండి. పలకలు చేసే ప్రతి పెరట్లోకీ పోండి, అందరూ వినేలా గట్టిగా చదవండి. ఎవరైనా "రంపం ఆపిన సువార్త" అంటే ఆ మాటను అక్కడే ఆపి, ఆపింది ఆమె కాదని, ఆపిన మనిషి ఎవరో చెప్పండి. ఆమె అక్కడ ఉంటే ఆమె ముందే చెప్పండి. ఈ పొద్దే పోండి.