నడిచిన ప్రోగ్రాముకు సున్నా

దయామణి రాజాంలో ఓ ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్. 2015 ల్యాబ్ పరీక్షలో పిల్లలు రికర్షన్‌తో, అంటే ప్రోగ్రాము తనను తానే మళ్ళీ మళ్ళీ పిలుచుకునే పద్ధతిలో, రాసిన ప్రోగ్రాములన్నీ పెద్ద సంఖ్య ఇవ్వగానే మెమరీ చాలక ఆగిపోయాయి. సింధూరిది ఒక్కటే నడిచింది. అన్నీ ముందే లెక్కకట్టకుండా, అడిగినప్పుడు అడిగినంతే తీసిచ్చే లేజీ సీక్వెన్స్‌తో రాసిందా పిల్ల. అది నేర్పింది దయామణే.

"పుస్తకంలో రికర్షనే ఉన్నాది. దీనికి సున్నా ఎయ్యండి," అన్నాడు డిపార్ట్‌మెంటు హెడ్డు సన్యాసిరావు.

"నడిసింది అదొక్కటే కదండీ!"

"మీ ఉజ్జోగం ఇంకా పర్మనెంటు అవనేదు కదా మేడమ్?"

దయామణి సున్నా వేసింది.

మర్నాడు సింధూరి వచ్చి, "నా తప్పేటి మేడమ్?" అని అడిగింది.

"పుస్తకంలో ఉన్నట్టే రాయాలమ్మా," అంది దయామణి, ఆ పిల్ల ముఖం చూడలేక.

ఆ వేసవిలో ఆమె ఉద్యోగం పర్మనెంటయింది. సింధూరి ఎదురుపడినా నమస్కారం పెట్టడం మానేసింది. అందులో తప్పేమీ లేదని దయామణికి తెలుసు.